వాడను విడవని బ్యాండు: లాస్ ఏంజెల్స్ నల్లవాడ నుంచి ఒక పాఠం

అణగారిన జాతుల కళాకారులకు చేయూత ఇవ్వాలనే మాట మనం చాలా కాలంగా వింటున్నాం. చేయూత అంటే ఏమిటి? సభలో ఒక శాలువా, ఒక జ్ఞాపిక, మర్నాడు పేపర్లో ఫోటో. ఇంకొంచెం పెద్ద మనసున్న వాళ్లయితే వాడలో బాగా పాడే పిల్లనో, బాగా వాయించే పిల్లాడినో ఏరి పట్నం పంపిస్తారు. ఆ ఒక్కరు పైకొస్తారు. వాడ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పైగా ఉన్న ఒక్క మంచి కళాకారుణ్ణి పోగొట్టుకుంటుంది. చదువు విషయంలో కూడా జరుగుతున్నది ఇదే. డిగ్రీలు తెచ్చుకున్న మొదటి తరం వాళ్లం వాడ నుంచి వెళ్లిపోయినంత తేలిగ్గా తిరిగి రాలేకపోతున్నాం.

ఈ చిక్కు గురించి అరవై ఏళ్ల కిందటే ఆలోచించిన ఒక సంగీత బృందం గురించి ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాం. అమెరికాలో లాస్ ఏంజెల్స్ నగరపు దక్షిణ భాగంలో, నల్లజాతి ప్రజలు నివసించే వాడల్లో 1961లో పుట్టిన ఆ బృందం పేరు పాన్ ఆఫ్రికన్ పీపుల్స్ ఆర్కెస్ట్రా. దాన్ని పెట్టినవాడు హోరేస్ టాప్‌స్కాట్. వాళ్లు ఏం కట్టారు, దాన్ని ఎట్లా నిలబెట్టారు, అందుకు ఏం పోగొట్టుకున్నారు అన్నది మనకు పనికొచ్చే సంగతి.

బిగ్ బ్యాండ్ అంటే

జాజ్ సంగీతంలో బిగ్ బ్యాండ్ అంటే పదహారు, పదిహేడు మంది కలిసి వాయించే బృందం. మామూలుగా నాలుగు ట్రంపెట్లు, నాలుగు ట్రాంబోన్లు, ఐదు శాక్సోఫోన్లు, వాటి వెనుక పియానో, బాస్, డ్రమ్స్, కొన్నిచోట్ల గిటారు ఉంటాయి. 1930లలో అమెరికా అంతా ఈ బ్యాండ్లకే నాట్యమాడింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇంతమందికి జీతాలిచ్చి, బస్సుల్లో ఊరూరా తిప్పడం గిట్టుబాటు కాలేదు. 1940ల చివరికి పెద్ద బ్యాండ్లు చాలావరకు మూతపడ్డాయి. నలుగురైదుగురు వాయించే చిన్న బృందాలు ముందుకొచ్చాయి.

మరి వ్యాపారం వదిలేసిన ఈ పెద్ద బ్యాండు రూపాన్ని ఒక పేదవాడ ఎందుకు పట్టుకున్నట్టు? జవాబు బ్యాండు నిర్మాణంలోనే ఉంది. నలుగురు వాయించే బృందంలో నలుగురూ ఆరితేరినవాళ్లయి ఉండాలి. నేర్చుకునేవాడికి అక్కడ చోటు లేదు. పెద్ద బ్యాండులో ప్రతి వాయిద్యానికీ మొదటి కుర్చీ, రెండో కుర్చీ, మూడో కుర్చీ ఉంటాయి. మొదటి కుర్చీలో ముప్పై ఏళ్ల అనుభవమున్న పెద్దాయన కూర్చుంటే, మూడో కుర్చీలో నిన్నగాక మొన్న వాయిద్యం పట్టిన కుర్రాడు కూర్చోవచ్చు. వాడి భాగం సులువుగా ఉంటుంది. కానీ వాడు వాయిస్తేనే పాట పూర్తవుతుంది. పక్కవాడి ఊపిరి చూసి నేర్చుకుంటాడు. రెండేళ్లకో మూడేళ్లకో ఒక కుర్చీ ముందుకు జరుగుతాడు. అంటే బిగ్ బ్యాండ్ కచేరీ చేసే బృందమే కాక, ఫీజు లేని బడి కూడా.

సెంట్రల్ ఎవెన్యూ

ఈ బడి ఆలోచన టాప్‌స్కాట్‌కు ఆకాశం నుంచి ఊడిపడలేదు. అతను 1934లో టెక్సస్ రాష్ట్రం హ్యూస్టన్‌లో పుట్టాడు. తల్లి పియానో వాయించేది. 1943లో కుటుంబం లాస్ ఏంజెల్స్‌కు వలస వచ్చింది. యుద్ధకాలపు ఫ్యాక్టరీ పనుల కోసం దక్షిణాది నుంచి నల్లవాళ్లు పెద్దఎత్తున వచ్చిన కాలమది. ఆ నగరంలో 1940లో సుమారు 64 వేలున్న నల్లజాతి జనాభా 1950 నాటికి లక్షా 70 వేలు దాటింది. కానీ ఇళ్లు ఎక్కడపడితే అక్కడ దొరకవు. ఫలానా ఇల్లు తెల్లవాళ్లకు తప్ప అమ్మకూడదని దస్తావేజుల్లోనే రాసుకునేవాళ్లు. ఇటువంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని అమెరికా సుప్రీంకోర్టు 1948లో తీర్పిచ్చింది. అప్పటిదాకా, ఆ తర్వాత చాలాకాలం కూడా, నల్లవాళ్లు సెంట్రల్ ఎవెన్యూ అనే రోడ్డు చుట్టుపక్కలే కిక్కిరిసి బతికారు. వెలివాడ తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

అయితే ఆ కిక్కిరిసిన చోటే ఒక సంగీత ప్రపంచం తయారైంది. జెఫర్సన్ హైస్కూల్లో శామ్యూల్ బ్రౌన్ అనే మాస్టారు ఉండేవాడు. 1936లో ఉద్యోగంలో చేరిన ఆయన ఆ నగరపు ప్రభుత్వ హైస్కూళ్లలో మొట్టమొదటి నల్లజాతి సంగీతోపాధ్యాయుడు. పిల్లలకు నొటేషన్, స్వరమేళనం, పాట కట్టడం అన్నీ నేర్పాడు. డెక్స్టర్ గోర్డన్, ఆర్ట్ ఫార్మర్ లాంటి పేరుమోసిన వాద్యకారులు ఆయన శిష్యులే. టాప్‌స్కాట్ కూడా అక్కడే చదివాడు.

రెండో బడి యూనియన్ ఆఫీసు. అమెరికా సంగీతకారుల సంఘం చాలా నగరాల్లో తెల్లవాళ్లకు ఒక శాఖ, నల్లవాళ్లకు ఒక శాఖ నడిపేది. లాస్ ఏంజెల్స్‌లో నల్లవాళ్ల శాఖ నంబరు 767. సెంట్రల్ ఎవెన్యూలో దానికి సొంత భవనం ఉండేది. బ్యాండ్లు అక్కడ రిహార్సల్ చేస్తుంటే వాడ పిల్లలు వచ్చి వింటూ, అడుగుతూ, అవకాశం వస్తే పక్కన కూర్చుని వాయిస్తూ నేర్చుకునేవాళ్లు. 1953లో ఈ శాఖ తెల్లవాళ్ల శాఖ 47లో విలీనమైంది. విలీనం కోసం నల్ల సంగీతకారులే ఏళ్ల తరబడి పోరాడారు. ఆ పోరాటం న్యాయమైనది. దానివల్ల కొందరికి సినిమా స్టూడియోల తలుపులు తెరుచుకున్నాయి. కానీ మిగతావాళ్లకు ఏం మిగిలింది? సొంత భవనం పోయింది. పిల్లలు వచ్చి కూర్చునే చోటు పోయింది. ఈ నష్టాన్ని టాప్‌స్కాట్ జీవితాంతం గుర్తుపెట్టుకున్నాడు. ఉమ్మడి సంస్థల్లో చోటు సంపాదించుకుంటూనే సొంత సంస్థలను ఎట్లా కాపాడుకోవాలన్న ప్రశ్న మన ఉద్యమాలకు కూడా కొత్తది కాదు.

ఓడ అనే పేరు

వైమానిక దళంలో కొన్నేళ్లు పనిచేసి వచ్చాక టాప్‌స్కాట్ లయొనెల్ హాంప్టన్ బ్యాండులో ట్రాంబోన్ వాద్యకారుడిగా చేరాడు. దేశమంతా పేరున్న బ్యాండు అది. 1961లో దాన్ని వదిలేసి ఇంటికొచ్చాడు. అప్పటికి పెళ్లయి పిల్లలున్నారు. ఊరూరా తిరిగి ఎవరి పాటనో ఎవరి వినోదం కోసమో వాయించే బదులు, సొంత వాడలో సొంత జనం కోసం వాయించాలనుకున్నాడు. తెలిసిన కొద్దిమందిని కూడగట్టి బ్యాండు మొదలుపెట్టాడు. తర్వాత దాని చుట్టూ ఒక సంఘం ఏర్పడింది. దాన్ని మొదట్లో అండర్‌గ్రౌండ్ మ్యుజీషియన్స్ అసోసియేషన్ అన్నారు. తర్వాత పేరు మార్చుకున్నారు. బ్యాండుతో పాటు కవులు, గాయకులు, నాట్యకారులు అందులో చేరారు.

ఆర్కెస్ట్రా అనే మాటను వాళ్లు ఇంగ్లీషులో మామూలు స్పెల్లింగుతో రాయలేదు. మాట మొదట్లో ఓడ అనే అర్థమిచ్చే ఆర్క్ కనబడేటట్టు మార్చి రాసుకున్నారు. సన్ రా అనే మరో నల్లజాతి సంగీతకారుడు అంతకుముందే తన బృందానికి ఇట్లా పేరు పెట్టుకున్నాడు. టాప్‌స్కాట్ దానికి తన అర్థం చెప్పుకున్నాడు. నోవహు ఓడ కథ చర్చికి వెళ్లే మన పేటల్లో అందరికీ తెలిసిందే. జలప్రళయంలో మునిగిపోకుండా కాపాడవలసిన వాటిని అందులోకి ఎక్కించారు. అట్లాగే నల్లవాళ్ల సంగీతం, దాన్ని చేసిన మనుషులు, వాళ్ల జ్ఞాపకం మునిగిపోకుండా ఎక్కించుకునే ఓడ ఈ బ్యాండు అన్నాడు.

ఓడకు మొదట రేవు ఒక ఆడమనిషి ఇల్లు. పియానో వాయించే లిండా హిల్ ఇంట్లోనే తొలినాళ్ల రిహార్సళ్లు జరిగాయి. ఎప్పుడు వెళ్లినా అక్కడ ఎవరో ఒకరు సాధన చేస్తూ ఉండేవాళ్లు. ఉండడానికి చోటులేని వాళ్లు అక్కడే పడుకునేవాళ్లు. ఆమె స్వయంగా పాటలు కట్టింది. బ్యాండు చరిత్ర చెప్పేటప్పుడు టాప్‌స్కాట్ పేరు ముందొస్తుంది గాని, ఆ ఇల్లు లేకపోతే బ్యాండు నిలబడేదేనా అని మనం అడగాలి. ఏ ఉద్యమంలోనైనా అన్నం వండి, గది ఇచ్చి, మనుషుల్ని భరించిన ఆడవాళ్ల పేర్లు చివరికి అడుగున పడుతున్నాయి.

ఎట్లా నడిచింది

బ్యాండులో చేరడానికి పరీక్ష, ఫీజు అంటూ ఏమీ లేవు. వచ్చి కూర్చుని సాధన చేయాలి, అంతే. పదిహేనేళ్ల పిల్లలు, యాభై దాటిన పెద్దలు ఒకే వరుసలో కూర్చున్నారు. బాస్ వాయించేవాళ్లు ఇద్దరొస్తే ఇద్దరికీ చోటు, డ్రమ్ములు ముగ్గురు వాయిస్తామంటే ముగ్గురికీ చోటు. అంతమంది ఉన్నా సంగీతం గందరగోళం కాకుండా పాటలు కట్టడమే టాప్‌స్కాట్ పనితనం. అప్పటికి అతను పియానోకు మారాడు. అక్కడి నుంచే బ్యాండును నడిపించేవాడు.

రెండో సంగతి, ఎవరి పాటలు వాయించాలన్నది. బజారులో నడిచే పాటలను వాళ్లు పక్కన పెట్టారు. బ్యాండులోని ప్రతివాళ్లూ రాయాలన్నారు. కుర్రవాడు తెచ్చిన పాటను కూడా బ్యాండంతా కూర్చుని వాయించి చూసేది. ఎందుకంటే తన పాటను పదహారు మంది వాయిస్తుంటే వినడం కంటే పెద్ద పాఠం నేర్చుకునేవాడికి ఉండదు. ఈ విధంగా ఏళ్లు గడిచేకొద్దీ బ్యాండుకు సొంత పాటల భాండాగారం తయారైంది. అదంతా కాగితం మీద నొటేషన్‌తో ఉంది. మనిషి పోయినా పాట పోలేదు.

మూడోది, ఎక్కడ వాయించాలన్నది. పార్కులు, బడులు, చర్చిలు, జైళ్లు, వృద్ధుల ఆశ్రమాలు. చాలావాటికి డబ్బు రాలేదు. ఇల్లు గడవడానికి బ్యాండు సభ్యులు బయట వేరే పనులు చేసుకున్నారు. 1973 నుంచి 1981 దాకా ఇమ్మానుయేల్ యునైటెడ్ చర్చి ఆఫ్ క్రైస్ట్ అనే వాడ చర్చిలో ప్రతినెలా చివరి ఆదివారం కచేరీ చేశారు. ఎనిమిదేళ్ల పాటు నెలనెలా ఒకేచోట, ఒకే జనం ముందు వాయించారు. జనం వాళ్ల తప్పులు చూశారు, ఎదుగుదల కూడా చూశారు. ఆ కచేరీల్లో రికార్డు చేసిన ఆల్బమ్ 1979లో వచ్చింది.

వాట్స్ రగిలిన తర్వాత

1965 ఆగస్టు 11న వాట్స్ ప్రాంతంలో పోలీసులు ఒక నల్లజాతి యువకుడి కారు ఆపి అరెస్టు చేయడంతో తిరుగుబాటు మొదలైంది. ఆరు రోజులు సాగింది. 34 మంది చనిపోయారు. వెయ్యిమందికి పైగా గాయపడ్డారు. పత్రికలు దాన్ని అల్లరిమూక దహనకాండ అన్నాయి. నిరుద్యోగం, ఇరుకు ఇళ్లు, పోలీసు దౌర్జన్యం దాని వెనుక ఉన్నాయని తర్వాత ప్రభుత్వం నియమించిన కమిషన్ ముందు కూడా చాలామంది చెప్పారు. తిరుగుబాటు తర్వాత వాట్స్‌లో రచయితల వర్క్‌షాపు, కాఫీ హౌసు, కళాకేంద్రాలు వెలిశాయి. టాప్‌స్కాట్ బృందం వాటన్నిటిలో కనబడింది. ఓపెన్ లారీ మీద వాయిద్యాలు ఎక్కించి వీధుల్లోకి వెళ్లి వాయించింది.

బ్లాక్ పాంథర్ పార్టీతో కూడా సంబంధం ఏర్పడింది. పార్టీ నాయకురాలు ఎలైన్ బ్రౌన్ పాటలు రాసి పాడేది. 1969లో వచ్చిన ఆమె ఆల్బమ్‌కు వాద్య సంగీతం కూర్చి నడిపించింది టాప్‌స్కాటే. ఆ ఏడాది జనవరిలోనే లాస్ ఏంజెల్స్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఇద్దరు పాంథర్ నాయకులను కాల్చి చంపారు. ఆ పార్టీని లోపలి నుంచి చీల్చడానికి ఎఫ్‌బీఐ రహస్య పథకం నడిపిన సంగతి తర్వాత బయటపడింది. అటువంటి రోజుల్లో ఆ ఆల్బమ్ మీద పేరు వేసుకోవడమంటే బయటి అవకాశాల మీద ఆశ వదులుకోవడమే.

ఈ పాంథర్ల పేరే 1972లో బొంబాయి చేరింది. నామ్‌దేవ్ ఢసాల్, జె.వి. పవార్ తదితరులు దళిత్ పాంథర్స్ పెట్టారు. మనకు అక్కడి నుంచి పుస్తకాలు, నినాదాలు వచ్చాయి. కానీ అదే వాడల్లో అదే కాలంలో నడిచిన ఇటువంటి సాంస్కృతిక సంస్థల అనుభవం మనదాకా రాలేదు.

ఏం పోగొట్టుకున్నారు

ఈ కథను విజయగాథగా మాత్రమే చెబితే అబద్ధం చెప్పినట్టవుతుంది. టాప్‌స్కాట్ మొదటి ఆల్బమ్ 1969లో వచ్చింది. అది తయారైన తీరు, తన మాట చెల్లని తీరు నచ్చక దాదాపు పదేళ్లు కంపెనీ రికార్డింగులకు దూరంగా ఉన్నాడు. 1978లో ఒక చిన్న కంపెనీ వచ్చేదాకా బ్యాండు సంగీతం రికార్డుల్లో లేదు. న్యూయార్క్ విమర్శకులకు బ్యాండు పేరు తెలియలేదు. జాజ్ చరిత్ర పుస్తకాల్లో చాలాకాలం వీళ్లకు చోటు లేదు. ఎవరు రికార్డు చేస్తే వాళ్లదే చరిత్ర అన్న నీతి అక్కడా చెల్లింది. 2001లో టాప్‌స్కాట్ ఆత్మకథ, 2006లో స్టీవెన్ ఇసోర్డి రాసిన బ్యాండు చరిత్ర వచ్చాకే ఈ వివరాలు మనలాంటి దూరపు వాళ్లకు అందాయి.

వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. ఆర్థర్ బ్లైత్, బుచ్ మోరిస్ లాంటివాళ్లు న్యూయార్క్ వెళ్లి పేరు తెచ్చుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. పేదరికం ఉన్నవాళ్లను కూడా మింగింది. ఫ్లూటు వాయించి పాడిన అడెల్ సెబాస్టియన్ కిడ్నీ జబ్బుతో 1983లో, ముప్పై ఏళ్లు నిండకుండానే చనిపోయింది. అంతకు రెండేళ్ల ముందే ఆమె సొంత ఆల్బమ్ వచ్చింది.

మరోవైపు ప్రభుత్వ బడులు కూడా చేతులెత్తేశాయి. 1978లో కాలిఫోర్నియా ఓటర్లు ఆస్తిపన్నుకు కళ్లెం వేసే 13వ ప్రతిపాదనను గెలిపించారు. స్థానిక పన్నుల మీద నడిచే బడులకు ఆదాయం పడిపోయింది. కోత పెట్టవలసి వచ్చినప్పుడు ముందు పోయేది సంగీతం క్లాసే గదా. శామ్యూల్ బ్రౌన్ లాంటి మాస్టార్లు ఒక తరాన్ని తయారుచేసిన బడుల్లో వాయిద్యాలు మూలపడ్డాయి. అటువంటి పరిస్థితిలో వాడ బ్యాండు భారం ఇంకా పెరిగింది.

అయినా ఓడ మునగలేదు. 1989లో బ్యాండు కవి కమావు దావూద్, డ్రమ్మరు బిల్లీ హిగ్గిన్స్ కలిసి లైమర్ట్ పార్క్‌లో వరల్డ్ స్టేజ్ అనే చిన్న వేదిక పెట్టారు. 1999లో టాప్‌స్కాట్ చనిపోయాక శాక్సోఫోన్ వాద్యకారుడు మైకేల్ సెషన్ బ్యాండు పగ్గాలు పట్టుకున్నాడు. తర్వాత అతని కొడుకు, డ్రమ్మరు మెకాలా సెషన్ నడిపిస్తున్నాడు. షికాగోలో కూడా 1965లో నల్లజాతి సంగీతకారులు ఇటువంటి సంఘమే పెట్టుకుని, సొంత పాటలే వాయించాలని నియమం రాసుకుని, 1967లో ఉచిత సంగీత పాఠశాల తెరిచారు. అంటే ఇది ఒక మనిషి గొప్పతనంతో జరిగిన పని అనుకోవడానికి లేదు. పద్ధతి తెలిస్తే వేరేచోట కూడా చేయవచ్చు.

మన డప్పు సంగతి

ఇక్కడ ఒక తేడాను గుర్తుపెట్టుకోవాలి. అమెరికాలో నల్లవాళ్ల మీద ట్రంపెట్‌ను ఎవరూ కులవృత్తిగా రుద్దలేదు. మన దగ్గర డప్పు అట్లా కాదు. ఊరి చావుకు, జాతరకు, దండోరాకు మాదిగలు డప్పు కొట్టి తీరాలన్నది వెట్టి. కొట్టనంటే దెబ్బలు, వెలి. కాబట్టి వాడలోనే ఉండి సొంత సంగీతం కాపాడుకోమని టాప్‌స్కాట్ మాటను యథాతథంగా తెచ్చి చెబితే, అది ఊరిపెద్ద చెప్పే మాటతో కలిసిపోయే ప్రమాదం ఉంది. 1927లో మహద్‌లో అంబేద్కర్ చచ్చిన పశువుల మాంసం మానుకోమని, హీనమైన వంశపారంపర్యపు పనులు వదులుకోమని చెప్పారు. ఆ తోవలో డప్పును అటకెక్కించిన వాళ్లు చేసింది కూడా ఆత్మగౌరవ పోరాటమే. 1994లో మొదలైన దండోరా ఉద్యమం అదే డప్పును మెడలో వేసుకుని హక్కుల కోసం కొట్టింది. అదీ ఆత్మగౌరవ పోరాటమే. రెండిటిలోనూ డప్పు ఎప్పుడు కొట్టాలో, ఎప్పుడు కొట్టకూడదో నిర్ణయించింది కొట్టేవాడే.

లాస్ ఏంజెల్స్ అనుభవం నుంచి మనం తీసుకోవలసింది ఈ నిర్ణయాధికారమే అని మా అభిప్రాయం. ఎవరి కోసం వాయించాలి, ఎక్కడ వాయించాలి, ఏ పాట వాయించాలి, ఎంతకు వాయించాలి, ఎవరికి నేర్పాలి అనే ఐదు సంగతులను ఆ బ్యాండు తన చేతిలో పెట్టుకుంది. పెళ్లిళ్ల సీజన్లో బ్యాండు మేళంలో ట్రంపెట్ వాయించే మన వాడల కుర్రవాళ్లకు ఈ ఐదింటిలో ఎన్ని చేతిలో ఉన్నాయి? యూనిఫాం వేసుకుని, వరుడి గుర్రం ముందు నడిచి, సినిమా పాట వాయించి, భోజనాల దగ్గర బయట నిలబడే మనిషిలో ఎంత సంగీతం ఉందో అడిగినవాళ్లు లేరు. సీజను అయిపోయాక అతను కూలికి పోతాడు. అతని దగ్గర నేర్చుకునే మూడో కుర్చీ పిల్లాడు ఎవరు?

మన పెద్దవాళ్ల డప్పులో ఎన్నో రకాల దరువులు ఉన్నాయి. చావుకు ఒకటి, జాతరకు ఒకటి, పిలుపుకు ఒకటి. ఏ దరువు ఏ ఊళ్లో ఎట్లా మారుతుందో చాలావరకు వాళ్ల చేతుల్లోనే ఉంది, కాగితం మీద లేదు. విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న మనం చేయగలిగిన పని ఇక్కడ స్పష్టంగా ఉంది. ఒక్కో వాడలో ఒక్కో పెద్ద వాద్యకారుడి దగ్గర కూర్చుని దరువులు రికార్డు చేయడం, రాయడం, ఆయన పేరుతోనే భద్రపరచడం. వారానికి ఒక సాయంత్రం కమ్యూనిటీ హాలో, చర్చో, అంబేద్కర్ భవనమో తెరిచి ఉంచడం. అక్కడ డప్పు, ట్రంపెట్, డోలు పక్కపక్కన పెట్టి, ఇష్టమున్న పిల్లలను, ముఖ్యంగా ఇంతకాలం డప్పు ముట్టనివ్వని ఆడపిల్లలను కూర్చోబెట్టడం. వాళ్లు కట్టిన పాటను పదిమంది కలిసి వాయించి చూడడం.

వీటికి పెద్ద డబ్బు అక్కర్లేదు. అయితే ఎనిమిదేళ్లు నెలనెలా ఒకేచోటికి రాగలిగే మనుషులు కావాలి. లాస్ ఏంజెల్స్‌లో అటువంటి వాళ్లు ముందుకొచ్చారు. మన వాడల్లో ఆ తలుపు తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో, ముందు ఏ ఊళ్లో తెరవాలో పాఠకులు, ముఖ్యంగా టీచర్లు, విద్యార్థి సంఘాలవాళ్లు తమ తమ ఊళ్ల అనుభవంతో చర్చించాలని కోరుతున్నాం.